క్యాథలిక్ యూనివర్సిటీ క్యాంపస్ మినిస్ట్రీ: రెండేళ్ల తర్వాత నా రివ్యూ (5కి 4 స్టార్లు)

2023 ఆగస్టు నుంచి 2025 మే వరకు అమెరికాలో ఒక జెస్యూట్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను. ఆ రెండేళ్లలో ల్యాబ్ తర్వాత నేను ఎక్కువసేపు గడిపిన చోటు క్యాంపస్ మినిస్ట్రీ ఆఫీసు. వాళ్ల పూజకి (చర్చిలో జరిగే మాస్) వెళ్లాను, రెండు రిట్రీట్లు, అంటే ప్రార్థన శిబిరాలు చేశాను, మెక్సికో సరిహద్దు ట్రిప్‌కి వెళ్లాను, నెలాఖరులో ఉచితంగా సరుకులిచ్చే వాళ్ల ఫుడ్ ప్యాంట్రీ నుంచి సరుకులు తెచ్చుకున్నాను, ఒకసారి వాళ్లతో గట్టిగా గొడవ కూడా పడ్డాను. క్యాథలిక్ యూనివర్సిటీలో సీటు వచ్చి, అక్కడ ఈ క్యాంపస్ మినిస్ట్రీ అనేది ఏంటి, మనకి పనికొస్తుందా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు రాయను. ఆ ఆఫీసులో ఉన్నది తొమ్మిది మందే, పేరు రాస్తే ఎవరి గురించి చెబుతున్నానో ఇట్టే తెలిసిపోతుంది, వాళ్లలో ఎక్కువమంది నాకు మేలు చేసినవాళ్లు.

ముందు అదేంటో చెప్తాను. క్యాథలిక్ సభలు, అంటే ఫాదర్లు, సిస్టర్ల మతసంఘాలు నడిపే యూనివర్సిటీలు అమెరికాలో చాలా ఉన్నాయి. యేసు సభ గురువులు, అంటే జెస్యూట్లు నడిపేవే 27. నోటర్ డేమ్ హోలీ క్రాస్ సభది, విల్లనోవా అగస్టీనియన్లది, షికాగోలో డిపాల్ విన్సెన్షియన్లది. వీటన్నిటిలోనూ విద్యార్థుల విశ్వాస జీవితాన్ని చూసుకునే ఒక విభాగం ఉంటుంది, అదే క్యాంపస్ మినిస్ట్రీ. క్యాథలిక్ కాని యూనివర్సిటీల్లో ఇదే పని న్యూమన్ సెంటర్లు చేస్తాయి. మొదటి న్యూమన్ క్లబ్ 1893లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో విద్యార్థులే మొదలుపెట్టుకున్నారు. మా ఆఫీసులో ఇద్దరు ఫాదర్లు, మిగతా ఏడుగురూ గృహస్థులు, వాళ్లలో ఐదుగురు మహిళలు. ఫాదర్ల ఆఫీసు అనుకుని లోపలికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లుంటే ఆ మొహమాటం అక్కర్లేదు. ఫీజు లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, క్యాథలిక్ అయి ఉండాలన్న షరతూ లేదు.

అమెరికా బిషప్పులు 1985లో క్యాంపస్ మినిస్ట్రీ మీద ఒక లేఖ విడుదల చేశారు. అందులో ఈ ఆఫీసులు చేయాల్సిన పనులు ఆరు చెప్పారు. మొదటిది విశ్వాస సంఘాన్ని కట్టడం, నాలుగోది న్యాయం వైపు విద్యార్థులను తీర్చిదిద్దడం. మా ఆఫీసు మొదటి పని చాలా బాగా చేసింది. నాలుగోది కూడా చేసింది, కానీ దూరంగా ఉన్న అన్యాయాల విషయంలో చూపించిన ధైర్యం దగ్గరలో ఉన్నదాని విషయంలో చూపించలేదు. నేను తగ్గించిన ఆ ఒక్క స్టార్ దాని కోసమే.

ఆదివారం రాత్రి తొమ్మిది గంటల పూజతో మొదలుపెడతాను. అక్కడి చాలా క్యాంపస్‌లలో ఇలాంటి రాత్రి పూజ ఒకటి ఉంటుంది, ఎందుకంటే విద్యార్థులు ఆదివారం ఉదయం లేవరు, సాయంత్రమంతా అసైన్‌మెంట్లు, తొమ్మిదికి ఒక గంట ఊపిరి తీసుకుందాం అన్నట్టు వస్తారు. నేను మొదటిసారి వెళ్లేటప్పటికి ఆ దేశం వచ్చి పదిహేను రోజులు. రూమ్మేట్‌తో, బ్యాంకులో కౌంటర్ దగ్గర తప్ప ఎవరితోనూ నేరుగా మాట్లాడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు పేరు అడిగాడు, సరిగ్గా ఎలా పలకాలో ఇంకోసారి అడిగాడు, పై వారం నేను చెప్పకుండానే పేరు పెట్టి పిలిచాడు. అలా గుర్తుపెట్టుకోవడం వాళ్లకి ట్రైనింగ్‌లోనే నేర్పిస్తారని తర్వాత తెలిసింది. నేర్పిస్తే వచ్చిందైనా సరే, ఆ రాత్రి నాకు అది ఎంత అవసరమో నాకు తెలుసు.

ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటదు. పాటలు విద్యార్థులే పాడతారు, పియానో ఒకరు, వయొలిన్ ఒకరు. బైబిల్ పఠనాలు చదివేది విద్యార్థులు, దివ్యసత్ప్రసాదం పంచడంలో సాయం చేసేది విద్యార్థులు, విశ్వాసుల ప్రార్థనలు, అంటే అందరి అవసరాల కోసం పూజలో చదివే చిన్న ప్రార్థనలు రాసేది కూడా విద్యార్థులే. గురువారం లోపు ఒక ఫారంలో మన ప్రార్థన రాసి పంపితే ఆదివారానికి అందులోంచి నాలుగైదు తీసుకుంటారు. రెండో సెమిస్టర్‌లో నేను పఠనాలు చదవడం మొదలుపెట్టాను. నా ఉచ్చారణ గురించి చాలా టెన్షన్ పడ్డాను, కానీ నేర్పించిన మేడమ్ ఉచ్చారణ గురించి ఒక్క మాట అనలేదు. నువ్వు తొందరపడుతున్నావు, వాక్యం అయ్యాక ఒక శ్వాస తీసుకో, వినేవాళ్లకి ఆ మాట లోపలికి దిగాలి కదా అంది. రెండేళ్లలో ఆ ఆఫీసు నాకు నేర్పిన వాటిలో నేను ఉద్యోగంలో కూడా రోజూ వాడేది ఇదే.

రిట్రీట్ల గురించి క్లుప్తంగా. కైరోస్ అని మూడు రాత్రుల రిట్రీట్ ఉంటుంది, ఫోన్లు తీసేసుకుంటారు, లోపల ఏం జరుగుతుందో బయట చెప్పకూడదని మర్యాద, నేనూ చెప్పను. బాగుంది, కొంచెం ఎక్కువ ఏడిపిస్తారు. నాకు అంతకంటే నచ్చింది ఐదు రోజుల చిన్న రిట్రీట్: క్లాసులు మానక్కర్లేదు, రోజూ అరగంట మన గదిలోనే ప్రార్థన, ఇంకో అరగంట ఒక ఆధ్యాత్మిక మార్గదర్శకురాలితో మాట్లాడటం. పడుకునే ముందు రోజంతా వెనక్కి తిరిగి చూసుకునే, యేసు సభ స్థాపకుడు ఇగ్నేషియస్ నేర్పిన ప్రార్థన, ఎగ్జామెన్ అంటారు, అక్కడే నేర్చుకున్నాను. గ్రాడ్ స్టూడెంట్లకి ఇదే చెప్తాను, కైరోస్‌కి టైం దొరక్కపోయినా దీన్ని మాత్రం వదులుకోవద్దు.

మా రూమ్మేట్ హిందూ అమ్మాయి. ఆమె కూడా ఆ ఆఫీసుకి వచ్చేది, అక్కడి ధ్యానం గదిలో కూర్చోవడానికి, పరీక్షల ముందు కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ మూడు వారాలకి గానీ దొరకనప్పుడు అక్కడి మేడమ్‌తో మాట్లాడటానికి. మతం మార్చుకోమన్న మాట గానీ, ఆ ధోరణి గానీ రెండేళ్లలో ఒక్కసారి కూడా లేదు. ఇంట్లోవాళ్లు ఈ విషయంలో భయపడుతుంటే ఈ ముక్క వాళ్లకి చూపించండి. వాషింగ్టన్‌లోని జెస్యూట్ యూనివర్సిటీ జార్జ్‌టౌన్‌లో అయితే 1999 నుంచే ముస్లిం చాప్లెయిన్ (విద్యార్థుల మత మార్గదర్శకుడు) ఉన్నారు, 2016లో ఒక హిందూ పురోహితుణ్ణి కూడా చాప్లెయిన్‌గా తీసుకున్నారు. మా దగ్గర అంత లేదు, ఒక పార్ట్‌టైమ్ ఇమాం, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్ ఉండేవారు, హిందువులకి ఆ ధ్యానం గదే. ఇంకొంచెం చేయొచ్చు.

ఇప్పుడు న్యాయం సంగతి. క్యాంపస్ మినిస్ట్రీలో నాకు మొదట కనిపించింది రెండు గుంపులు. గురువారం రాత్రి ఆరాధనకి వచ్చేవాళ్లు ఒకరు: మోకాళ్ల మీద గంటసేపు నిశ్శబ్దం, లాటిన్ పాటలు, జపమాల. మంగళవారం సాయంత్రం న్యాయం గ్రూపు మీటింగుకి వచ్చేవాళ్లు ఇంకొకరు: వలసదారులు, జైళ్లు, వాతావరణం, జీతాలు. ఒకే ఆఫీసు, ఒకే సోఫాలు, కానీ ఈ ఇద్దరూ ఒకరి రోజున ఒకరు కనపడరు. ఆరాధన గుంపుకి వాళ్లు రాజకీయాలు చేస్తున్నారని అనుమానం, న్యాయం గుంపుకి వీళ్లు ప్రపంచం వదిలేసి కళ్లు మూసుకున్నారని చిన్నచూపు. నేను రెండింటికీ వెళ్లేదాన్ని, రెండు చోట్లా అవతలి వాళ్ల గురించి విని బాధపడేదాన్ని. పేదల కోసం, కార్మికుల కోసం పనిచేసిన అమెరికన్ క్యాథలిక్ డొరొతీ డే రోజూ పూజకి వెళ్లేది, 1933లో పీటర్ మోరిన్‌తో కలిసి క్యాథలిక్ వర్కర్ పత్రిక మొదలుపెట్టింది, 1973లో 75 ఏళ్ల వయసులో కాలిఫోర్నియాలో వ్యవసాయ కూలీల పక్షాన నిలబడి అరెస్టైంది. ఆమెని ఏ గుంపులో వేస్తారు? మా ఆఫీసు గోడ మీద ఆమె ఫోటో ఉండేది, రెండు గుంపులూ దాని కిందే కూర్చునేవాళ్లు, ఆ ఫోటోని చూపించి ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టే పని మాత్రం ఆఫీసు ఎప్పుడూ పెట్టుకోలేదు.

2024 మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి సరిహద్దు ట్రిప్ పెట్టారు, అరిజోనాలోని నొగాలెస్‌కి. అక్కడ కినో బోర్డర్ ఇనిషియేటివ్ అనే సంస్థ 2009 నుంచి పనిచేస్తోంది, జెస్యూట్లు, కొన్ని ఇతర సభలు కలిసి మొదలుపెట్టింది. సరిహద్దుకి అవతల మెక్సికో వైపు వలస వచ్చినవాళ్లకీ, అమెరికా వెనక్కి పంపేసినవాళ్లకీ భోజనం పెడతారు. ట్రిప్ ఖర్చు మాకు నాలుగు వందల డాలర్లు చెప్పారు, కట్టలేనివాళ్లకి సగం ఆఫీసే పెట్టుకుంది, నేను ఆ సగంలోనే వెళ్లాను. ఒక లోపం: విదేశీ విద్యార్థులు ఈ ట్రిప్‌కి రావచ్చన్న ఆలోచనే వాళ్ల ఫారంలో లేదు. సరిహద్దు దాటి తిరిగి రావాలంటే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం కావాలి, వీసా చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోవాలి, ఇదంతా నేనే ఇంటర్నేషనల్ ఆఫీసుకి రెండుసార్లు తిరిగి చేయించుకున్నాను. మీరు వెళ్లేటట్టయితే కనీసం నెల ముందు ఆ పని మొదలుపెట్టండి.

ట్రిప్ మాత్రం నా ఆలోచన మార్చింది. అప్పట్లో ఆశ్రయం కోరేవాళ్లు సీబీపీ వన్ అనే ఫోన్ యాప్‌లో అపాయింట్‌మెంట్ కోసం రోజూ ప్రయత్నించాలి. ఒక తల్లి నాకు తన ఫోన్ చూపించింది, పగిలిన స్క్రీన్, నెలల తరబడి రోజూ అదే యాప్ తెరుస్తోంది. నేను ప్లేట్లు అందిస్తున్నాను, ఆమె నన్ను అడిగింది: నువ్వెలా వచ్చావు ఇక్కడికి? విమానంలో వచ్చాను, చేతిలో వీసా ఉంది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాత్రి అందరం కూర్చుని ఆ రోజు చూసినదాన్ని మాట్లాడుకునే పద్ధతి ఉంది, మా లీడర్లు దాన్ని చాలా జాగ్రత్తగా నడిపారు. పాపం అనిపించిందని చెప్పి ఊరుకోనివ్వరు, ఆమె ఎందుకు అక్కడ ఇరుక్కుందో, ఏ చట్టం వల్లో, ఎవరికి లాభమో కూడా అడిగిస్తారు. 2025 జనవరి 20న కొత్త ప్రభుత్వం వచ్చిన రోజే ఆ యాప్ అపాయింట్‌మెంట్లన్నీ రద్దయ్యాయని వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పగిలిన స్క్రీనే.

ఇక గొడవ సంగతి. పూజ జరిగే చాపెల్ (క్యాంపస్ గుడి) ఉన్న భవనాన్ని, మా ల్యాబ్ భవనాన్ని రాత్రిపూట శుభ్రం చేసేది ఒక కాంట్రాక్టు కంపెనీ మనుషులు. 2024 వేసవి తర్వాత ఆ కాంట్రాక్టు వేరే కంపెనీకి మారబోతోందని, షిఫ్టులు తగ్గుతాయని మాటలు వినిపించాయి. మంగళవారం గ్రూపులో కొందరం దీని గురించి ఏం చేయాలా అని తర్జనభర్జన పడుతున్నాం. నేను ఆ వారం ఫారంలో ఒక ప్రార్థన రాశాను: ఈ భవనాన్ని రాత్రిపూట శుభ్రం చేసేవాళ్ల కోసం, పని పోతుందేమోనన్న భయంలో ఉన్న వాళ్ల కుటుంబాల కోసం ప్రార్థిద్దాం. తీసుకున్నామని శుక్రవారం మెయిల్ వచ్చింది.

ఆ ఆదివారం సెప్టెంబర్ 29. రెండో పఠనం చదివే వంతు నాది. ఆ రోజు పఠనం యాకోబు లేఖ ఐదో అధ్యాయం మొదటి ఆరు వచనాలు. పొలాలు కోసినవాళ్లకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోందని, ఆ మొర ప్రభువు చెవిన పడిందని ధనవంతుల ముఖం మీదే చెప్పే భాగం. నేర్పినట్టే శ్వాస తీసుకుంటూ నెమ్మదిగా చదివాను. తర్వాత విశ్వాసుల ప్రార్థనలు వేరే అమ్మాయి చదివింది. నా వాక్యం లేదు. దాని చోట "పనిచేసే వారందరి కోసం" అని ఉంది.

పూజ అయ్యాక ఆ ప్రార్థన తీసేసిన స్టాఫ్ మేడమ్‌ని అడిగాను. కాంట్రాక్టు మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి, పూజలో అలా చదివితే క్యాంపస్ మినిస్ట్రీ ఒక పక్షం తీసుకుందని పైవాళ్లు అనుకుంటారు, మంగళవారం మీటింగులో ఎంతైనా మాట్లాడుకుందాం అన్నారు. నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది, పది నిమిషాల క్రితం నా నోటితో చదివిన మాటలకి. ఆ ప్రార్థనలో డిమాండ్ లేదు, ఎవరినీ తప్పు పట్టలేదు. భయంలో ఉన్న మనిషి భయాన్ని దేవుడి ముందు పేరు పెట్టి చెప్పడం ఎప్పటి నుంచి ఒక పక్షం తీసుకోవడమైంది? నొగాలెస్‌లో ఆ తల్లి కోసం ఇదే చాపెల్‌లో, ఇదే ఫారం ద్వారా, చట్టాల ప్రస్తావనతో సహా ప్రార్థన చదివించారు, అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే కారణం అర్థమైంది. క్యాంపస్ మినిస్ట్రీ యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్. దాని జీతాలు, బడ్జెట్, గదులు అన్నీ యూనివర్సిటీవి, డైరెక్టర్ రిపోర్ట్ చేసేది ఒక వైస్ ప్రెసిడెంట్‌కి. సరిహద్దు గోడ గురించి మాట్లాడితే ఆ వైస్ ప్రెసిడెంట్‌కి ఇబ్బంది లేదు, శుభ్రం చేసే కాంట్రాక్టు గురించి మాట్లాడితే ఉంది. ఇది ఒక మనిషి పిరికితనం అని నేను అనను. ఆ మేడమ్ నాకు చేసిన సాయం నేను మర్చిపోలేను. కానీ వాళ్ల మీద అలాంటి ఒత్తిడి ఉందని ఒప్పుకోవడం వేరు, దానికి తలవంచడం వేరు.

యేసు సభ వాళ్లకి ఈ సంగతి కొత్త కూడా కాదు. 1973 జులై 31న స్పెయిన్‌లోని వాలెన్సియాలో జెస్యూట్ స్కూళ్ల పూర్వ విద్యార్థుల ముందు సభ అధిపతి పెద్రో అర్రుపే, మేము మిమ్మల్ని న్యాయం కోసం తీర్చిదిద్దామా అని తనే అడిగి, లేదు అని తనే జవాబు చెప్పారు. వినేవాళ్లలో చాలామందికి నచ్చలేదు. రెండేళ్లకి, 1975లో ముగిసిన వాళ్ల 32వ మహాసభలో విశ్వాస సేవ, న్యాయ సాధన రెండూ విడదీయలేనివని తీర్మానం రాసుకున్నారు. 2000లో అప్పటి అధిపతి కోల్వెన్‌బాక్ శాంటా క్లారా యూనివర్సిటీకి వచ్చి అమెరికా జెస్యూట్ యూనివర్సిటీల ముందు దీని మీదే ప్రసంగించారు. ఈ పేర్లన్నీ మా ఓరియంటేషన్‌లో స్లైడ్ల మీద చూపిస్తారు. అర్రుపే తన సొంత ఇంటిని అడిగిన ప్రశ్నని మా యూనివర్సిటీ కూడా తనని తాను అడగాలని నేను కోరుకున్నాను, అంతే.

ఆ ప్రశ్నని విద్యార్థులే తమ యూనివర్సిటీని అడిగిన చోట్లు ఉన్నాయి. జార్జ్‌టౌన్‌లో 2005లో శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులకి బతకడానికి సరిపడా జీతం కోసం విద్యార్థులు వారం పైగా నిరాహార దీక్ష చేశారు, ఆ ఏడాదే యూనివర్సిటీ కాంట్రాక్టు కార్మికులకీ వర్తించే ఉపాధి విధానం తెచ్చింది. అదే జార్జ్‌టౌన్‌ని బతికించడానికి మేరీల్యాండ్ జెస్యూట్లు 1838లో 272 మంది బానిసలను అమ్మేశారు. ఆ బానిసల వారసుల కోసం సెమిస్టర్‌కి 27 డాలర్ల 20 సెంట్లు ఫీజు కట్టడానికి మేము సిద్ధం అని 2019 ఏప్రిల్‌లో అండర్‌గ్రాడ్ విద్యార్థులు భారీ మెజారిటీతో ఓటేశారు. యూనివర్సిటీ ఆ ఫీజు పెట్టలేదు, విరాళాలతో ఏడాదికి నాలుగు లక్షల డాలర్ల నిధి పెట్టింది. అది సరిపోతుందా అన్న చర్చ ఉంది, ఉండాలి కూడా. కానీ అక్కడ ప్రశ్న వచ్చింది లోపలి నుంచి.

మేము పన్నెండు మందిమి కలిసి ఒక ఉత్తరం రాశాం. అందులో ముగ్గురు గురువారం ఆరాధన గుంపు వాళ్లు, అది నాకు చాలా సంతోషం. జపమాల చేతిలో పట్టుకునే ఒక అబ్బాయి ఉత్తరంలో మా అందరికంటే గట్టి వాక్యం రాశాడు. పెద్ద ఫాదర్ మమ్మల్ని పిలిచి గంటసేపు విన్నారు, మధ్యలో అడ్డుపడలేదు. కాంట్రాక్టు తన చేతిలో లేదన్నారు, ప్రార్థన తీసేయడం తప్పు అని మాత్రం ఒప్పుకున్నారు. ఆయన చేసిన ఒక పని చిన్నదే, నాకు బాగా నచ్చింది. పూజ తర్వాత అందరం నిలబడి మాట్లాడుకునే టీ బల్లని లోపలి హాలు నుంచి ముందు లాబీలోకి మార్పించారు. రాత్రి పది గంటల షిఫ్టుకి వచ్చేవాళ్లు తమ కార్డు గీకే మిషన్ ఆ లాబీలోనే ఉంది.

అలా ఆ షిఫ్టులో శుభ్రం చేసే ఒకామెతో పరిచయమైంది. గ్వాటెమాలా ఆమె, ఆరేళ్లుగా అదే భవనం. స్పానిష్ తెలిసిన స్నేహితురాలు మధ్యలో ఉండి చెప్పేది. ఆమె కూడా క్యాథలిక్కే, ఆదివారం మధ్యాహ్నం తన విచారణ (పారిష్) గుడిలో స్పానిష్ పూజకి వెళ్తుంది, అక్కడ పఠనాలు కూడా చదువుతుంది, నాలాగే. మా చాపెల్‌లోకి ఆరేళ్లలో తుడవడానికి తప్ప రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే, ఎవరూ రమ్మనలేదు కదా అంది, నిష్ఠూరం ఏమీ లేకుండా, ఉన్నది ఉన్నట్టు. డిసెంబర్‌లో కాంట్రాక్టు మారింది. నలుగురికి షిఫ్టు పోయింది. ఆమెకి పని ఉంది, గంటలు తగ్గాయి.

ఈ మధ్యలోనే ఆ ఫాల్‌లో వాషింగ్టన్‌లో ఇగ్నేషియన్ ఫ్యామిలీ టీచ్-ఇన్‌కి, అంటే జెస్యూట్ విద్యాసంస్థల వాళ్లు న్యాయం గురించి మాట్లాడుకోవడానికి ఏటా కలిసే సమావేశానికి వెళ్లాం. దీని మూలం ఎల్ సాల్వడార్‌లో ఉంది: 1989 నవంబర్ 16న అక్కడి జెస్యూట్ యూనివర్సిటీలో సైనికులు ఆరుగురు గురువులనీ, వాళ్ల ఇంట్లో పనిచేసే ఎల్బా రామోస్‌నీ, ఆమె పదహారేళ్ల కూతురు సెలీనానీ చంపేశారు. ఆ యూనివర్సిటీ అధిపతి ఇగ్నాసియో ఎల్లకురియా అక్కడి అంతర్యుద్ధం ఆపమని, చర్చలు జరపమని అడుగుతున్నందుకు. రెండు రోజులు ప్రసంగాలు, మూడో రోజు పార్లమెంటు సభ్యుల ఆఫీసులకి వెళ్లి మాట్లాడటం. ఓటు హక్కే లేని నేను ఏం మాట్లాడాలని అడిగితే మా స్టాఫ్, నువ్వు నొగాలెస్‌లో చూసింది చెప్పు, అది చాలు అన్నారు. చెప్పాను, ఒక కుర్ర ఉద్యోగి రాసుకున్నాడు. ఆ ఎనిమిది పేర్లు చదివినప్పుడు ఎల్బా పేరు దగ్గర నాకు మా లాబీ గుర్తొచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ మాట అందరి ముందే అన్నాను. నా ప్రార్థన తీసేసిన మేడమ్ కూడా ఆ బస్సులోనే ఉంది. కాసేపు మాట్లాడలేదు, తర్వాత వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది.

వాళ్ల మంచితనం పూర్తిగా చూసింది 2025 ఏప్రిల్‌లో. దేశమంతటా వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (దేశంలో చదువుకోవడానికి ఆధారమైన ప్రభుత్వ నమోదు) చెప్పాపెట్టకుండా రద్దయిన నెల అది, నెలాఖరుకి ప్రభుత్వం వాటిని మళ్లీ పునరుద్ధరిస్తామంది. మధ్యలో ఆ రెండు మూడు వారాలు ఎలా గడిచాయో అనుభవించినవాళ్లకే తెలుసు, ప్రతి మెయిల్‌కీ గుండె జారేది. క్యాంపస్ మినిస్ట్రీ వాళ్లు రాత్రి పదకొండు దాకా ఆఫీసు తెరిచి ఉంచారు, ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని పిలిపించి ఉచితంగా మాట్లాడించారు, ఏ మతమైనా ఎవరు వచ్చినా కూర్చోబెట్టారు. మా రూమ్మేట్ రెండు రాత్రులు ఆ సోఫా మీదే చదువుకుంది. పోప్ ఫ్రాన్సిస్ చనిపోయింది కూడా అప్పుడే, ఏప్రిల్ 21న. ఆయన కోసం పెట్టిన పూజకి నేను చూసిన ప్రతి గుంపూ వచ్చింది.

కొత్తగా వెళ్లేవాళ్లకి నేను చెప్పేవి కొన్నే. మొదటి వారమే వెళ్లండి, అవసరం వచ్చేదాకా ఆగొద్దు. ఫుడ్ ప్యాంట్రీ గురించి సిగ్గుపడొద్దు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలు క్యాంపస్ పని తప్ప వేరే దారి లేదని వాళ్లకి తెలుసు, కార్డు కూడా అడగరు. ఊరేగింపులు, ధర్నాలు అంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి వెళ్లండి, స్టాఫ్‌కి ఆ రూల్స్ తెలియవు. ఏ గుంపు నచ్చినా, రెండో గుంపు రోజున కూడా ఒకసారి వెళ్లండి.

నా చివరి ఆదివారం 2025 మే 11. మూడు రోజుల ముందే పోప్ లియో 14 ఎన్నికయ్యారు. ఆయన 1977లో విల్లనోవాలో చదువు పూర్తిచేసిన మనిషి కాబట్టి క్యాంపస్‌లో అందరికీ తమ సీనియర్ పోప్ అయినంత సంబరం. కార్మికుల హక్కుల మీద 1891లో లియో 13 రాసిన విశ్వలేఖ తలచుకునే ఆ పేరు పెట్టుకున్నానని ఆయన చెప్పిన మరుసటి రోజు అది. ఫాదర్ ప్రసంగం దాని మీదే, న్యాయమైన కూలి గురించి, కార్మికులు సంఘం పెట్టుకునే హక్కు గురించి. గురువారం నేను మళ్లీ అదే ప్రార్థన, ఒక్క అక్షరం మార్చకుండా ఫారంలో పంపాను. ఈసారి చదివారు. ఈ భవనాన్ని రాత్రిపూట శుభ్రం చేసేవాళ్ల కోసం ప్రార్థిద్దాం, అని అక్కడ ఆపారు. పని పోతుందన్న భయం గురించిన సగం లేదు. ఆ సగం కూడా చదివారని ఎవరైనా జూనియర్ నాకు రాస్తే, ఇక్కడికి వచ్చి ఐదో స్టార్ పెడతాను.